రిమార్కుల గడి

ఆఫీసులో నన్ను చీపురు అంటారు. నా ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదుగానీ, క్యాంటీన్ మెట్ల దగ్గర రెండుసార్లు నా చెవిన పడింది. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది. నేను చేసేది ఊడ్చే పనే మరి.

ఎవరు ఎలాంటి ఇళ్ళలో ఉంటున్నారు, ఆ ఇళ్ళలో ఎవరికి ఏ జబ్బులున్నాయి, డాక్టరు కావాలంటే ఎంత దూరం పోవాలి అన్నవి ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చి, ఎక్కడ ఆస్పత్రి కావాలో ఎక్కడ అక్కర్లేదో ఆరోగ్యశాఖకు చెప్పే సంస్థ మాది. తిరిగేవాళ్ళు వేరు. వాళ్ళు ట్యాబ్‌లు పట్టుకుని ఎండలో తిరిగి, తెచ్చిందంతా నా బల్ల మీద పోస్తారు. అందులో నూటతొంభై ఏళ్ళ ముసలమ్మలుంటారు. ఏడో నెల గర్భంతో ఉన్న తాతయ్యలుంటారు. రోజుకు ముప్పై గంటలు పనిచేసే మేస్త్రీలుంటారు. వాళ్ళందరినీ ఏరి, ఊడ్చి, మిగిలిన పట్టికను పెద్దాయనకు అప్పగించడం నా ఉద్యోగం. పెద్దాయన అంటే మా డైరెక్టరు. ఆయన నోట 'శుభ్రం' అన్న మాట వినడం కోసం నేను మధ్యాహ్నం భోజనం మానుకున్న రోజులున్నాయి.

కిందటి సర్వేలో ఒక మహానుభావుడు ఏ గడపా తొక్కకుండా, టీకొట్టు దగ్గర కూర్చుని, ఒకే ఇంటి నంబరు మీద నలభై కుటుంబాలను పుట్టించాడు. పట్టుకున్నది నేనే. అతగాడి ఉద్యోగం పోయింది, నాకు కిటికీ పక్క కుర్చీ వచ్చింది. ఆ రోజు నుంచి నాదో సూత్రం: ఒక ఇంటి నంబరుకు ఒక కుటుంబం. అదే నంబరు మళ్ళీ కనబడితే మొదటిది ఉంచు, మిగతావి తీసెయ్. ఇంకెవరూ నంబర్లతో ఆటలాడకుండా, ట్యాబ్‌లో ఆ గడిలో అంకెలు తప్ప అక్షరం ముక్క పడకుండా చేయించింది కూడా నేనే.

ఇక రిమార్కుల గడి సంగతి. ఏ ప్రశ్నలోనూ ఇమడనిది ఏదైనా ఉంటే రాసుకొమ్మని ఫారం చివర ఒక ఖాళీ గడి ఇస్తాం. మావాళ్ళు అందులో రాయనిది లేదు. 'కుక్క ఉంది, జాగ్రత్త.' 'ఈ ఇంటావిడ చాలా మాట్లాడుతుంది.' 'చెప్పు తెగింది.' ఒకాయన మరిచిపోతానని తన కూతురి పరీక్ష తేదీ రాసుకున్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల రోజులు బుద్ధిగా అన్నీ చదివాను. తర్వాత విసుగొచ్చి మానేశాను. ఇప్పుడు ఫైలు తెరవగానే నేను చేసే మొదటి పని ఆ గళ్ళ వరస మొత్తాన్ని ఎత్తెయ్యడం. ఫైలు తేలికవుతుంది, నా తల కూడా.

రిమార్కులు రాయడంలో అందరినీ మించినవాడు మా ముసలి సర్వేయరు ఒకాయన. చేంతాడంత రాస్తాడు కనుక అందరూ ఆయన్ని చేంతాడు బాబాయ్ అంటారు. రిటైరయ్యే వయసు దాటినా, అలా గడపగడపా ఎక్కేవాళ్ళు మళ్ళీ దొరకరని పెద్దాయన ఉంచుకున్నారు. రైలు గేటు అవతలి వీధులన్నీ ఆయనవి. ఈసారి ఫైలు తెరిస్తే ఆ వీధుల్లో ఒక్కో ఇంటి నంబరు పదేసి, పన్నెండేసి సార్లు పడి ఉంది. 'ఈ వయసులో ఈయనకు కూడా టీకొట్టు జబ్బు పట్టిందా' అని నవ్వుకున్నాను. పెద్దమనిషి పరువు పోతుందని ఎవరితోనూ అనలేదు. సూత్రం నడిపించాను. ఒక్క మీట నొక్కితే పదకొండు వందల నలభై మూడు కుటుంబాలు పోయాయి.

రైలు గేటు అవతల ఒక సాయంత్రం క్లినిక్ ఉండేది. పగలంతా పనులకు పోయేవాళ్ళ కోసం సాయంత్రం ఐదింటి నుంచి ఎనిమిది దాకా తెరిచేవారు. అలాంటిది నడవాలంటే చుట్టుపక్కల కనీసం ఐదు వందల కుటుంబాలుండాలని శాఖవారి నిబంధన. నా పట్టికలో మూడు వందల ఎనభై ఎనిమిది తేలాయి. క్లినిక్‌ను ఎత్తేసి, రెండు బస్సుల దూరంలో ఉన్న పెద్దాస్పత్రిలో కలిపెయ్యొచ్చని నివేదికలో రాశాం. ఎత్తెయ్యమంటే కాదనేదెవరు? శాఖవారు మర్నాడే ఒప్పుకున్నారు, వారం తిరక్కుండా క్లినిక్ మూసేశారు. నెలాఖరు సమావేశంలో పెద్దాయన లేచి నిలబడి, "ఇంత శుభ్రమైన లెక్క ఈ సంస్థలో ఇంతవరకు రాలేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వేళ ఇంటికి నడిచి వెళ్ళానో ఎగిరి వెళ్ళానో నాకే తెలియదు.

ఆ ఆదివారం అక్క వస్తే, ఊరంతటి ఇళ్ళ లెక్క తేల్చానని చప్పట్ల కథంతా చెప్పాను, క్లినిక్ మాట మాత్రం నోట రాలేదు. నాకున్నది ఒక్క అక్క. అమ్మ పోయాక నాకు జడ వేసిందీ, బడికి తరిమిందీ, లెక్కలు రాకపోతే నెత్తిన మొట్టిందీ తనే. అంతా విని, టీ గ్లాసు కింద పెట్టి, నా ముఖంలోకి కాసేపు చూసింది.

"అయితే ఆ ఇళ్ళన్నీ నువ్వే చూశావా?" అంది.

"కాళ్ళతో కాదులే. కానీ ఒక్కటి కూడా వదల్లేదు, అన్నీ నా చేతి మీదుగానే పోయాయి" అన్నాను గొప్పగా.

"మంచిది" అంది అక్క. గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. ఆ 'మంచిది' నాకు మామూలు మాటలాగే వినబడింది.

ప్రతి ఆదివారం తనే మా ఇంటికి వచ్చేది. నన్ను మాత్రం రమ్మనేది కాదు. బావ పనిచేసే మిల్లు మూతపడ్డాక, రెండేళ్ళ కిందట ఇల్లు మారారు. "ఇంకా సర్దుకోలేదే" అనేది మొదట్లో. తర్వాత "సున్నాలు వేయిస్తున్నారు" అంది. ఆ సున్నాలు రెండేళ్ళుగా వేస్తూనే ఉన్నారు. "ఏంటక్కా, రాజుగారి కోటా?" అని వెక్కిరించేదాన్ని. ఎక్కడే అంటే స్టేషన్ దగ్గర అనేది. స్టేషన్‌కు ఏ వైపో నేనడగలేదు. నన్ను పరాయిదాన్ని చేస్తోందని లోపల ఉక్రోషం. పంతం నాకు మాత్రం లేదా? పిలవని ఇంటికి నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాను.

తర్వాత వరసగా రెండు ఆదివారాలు అక్క రాలేదు. ఫోన్ చేస్తే, "జలుబే, తగ్గాక వస్తా" అంది. ఆ మూడు మాటలకే మధ్యలో రెండుసార్లు ఆగింది. అక్కకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. చలికాలం కదా అని సరిపెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆఫీసుకు తయారవుతుంటే బావ ఫోన్ చేశాడు. బావ నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"మీ అక్క చెప్పొద్దంది. అయినా చెప్తున్నానమ్మా. పడుకోలేకపోతోంది."

"పడుకోలేకపోవడమేంటి బావా?"

"వెనక్కి వాలితే ఊపిరాడట్లేదు. మూడు రోజుల నుంచి కూర్చునే ఉంది. నాకిక్కడ కొత్త పని, మధ్యలో వదలనివ్వరు. నువ్వు ముందు వెళ్ళు, నేను చూసుకుని వచ్చేస్తా."

అడ్రసు చెప్పాడు. రైలు గేటు అవతల. కాగితం మీద రాసుకుంటుంటే కలం ఒక్క క్షణం ఆగింది. కానీ అప్పటికి నాకేమీ తట్టలేదు. ఆ వీధులు నాకు పట్టికలో తెలుసు, కాళ్ళకు తెలియవు.

పసుపు గేటున్న రెండంతస్తుల ఇల్లు అది. గేటు మీద రేకు పలక, పలక మీద ఒకే నంబరు. గేటు తీసి లోపలికి అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయాను. బయటికి ఒక ఇల్లు. లోపల వీధికి వీధి. వరండాను ప్లైవుడ్ చెక్కలతో కోసి గదులు చేశారు. కారు పెట్టే చోట రెండు గదులు. నీళ్ళ తొట్టి పక్కన ఒక గది. ప్రతి తలుపు బయటా ఒక పొయ్యి, పొయ్యి మీద ఒక గిన్నె. గోడకున్న ఒక్క మీటరు నుంచి తీగలు అన్ని వైపులకూ పాకాయి. బాత్రూమ్ ముందు ఏడుగురు బకెట్లతో నిలబడి ఉన్నారు. అలవాటు కొద్దీ పొయ్యిలు లెక్కపెట్టాను. కింద ఏడు. పైనుంచి కూడా పోపు వాసన వస్తోంది.

కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్న ఆవిణ్ని, "ఈ నంబరు ఇల్లు ఇదేనా?" అని కాగితం చూపించి అడిగాను.

"నంబరు మా అందరిదీ ఇదేనమ్మా. ఏ గదో చెప్పు."

"మిల్లులో పనిచేసేవారు... భార్యాభర్తలు ఇద్దరే..."

"అయ్యో, ఆయాసమావిడా? మెట్ల కింద." తల ఎత్తి నన్ను చూసింది. "నువ్వు ఆవిడ చెల్లెలివి కదూ? అచ్చం అదే ముక్కు. గవర్నమెంటు లెక్కల్లో పెద్ద ఉద్యోగమట కదా. నీ గురించి చెప్పని రోజుండదు."

మెట్ల కింద తలుపు లేదు. దుప్పటి వేలాడుతోంది. నీలం మీద తెల్ల చుక్కల దుప్పటి. పాతదైపోయిందని మూడేళ్ళ కిందట నేనే అక్కకు ఇచ్చాను. దాన్ని పక్కకు తొలగించడానికి నా చేతికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

లోపల నిలువుగా నిలబడ్డానికి లేదు. పైకప్పు అంటే మెట్ల అడుగుభాగమే, గోడ వైపుకు పోయేకొద్దీ కిందికి దిగిపోతుంది. గోడలు నడుము దాకా నల్లగా చెమ్మెక్కి ఉన్నాయి. ట్రంకు పెట్టె మీద అక్క కూర్చుని, ముందు బల్ల మీద రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీదికి వంగి ఉంది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నన్ను చూసి సర్దుకోబోయింది. సర్దుకోవడానికి అక్కడ ఏముంది?

"సున్నాలు... అయిపోయాయా?" అన్నాను. నోటికి అదే వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలియదు.

"ఇంకో కోటింగ్... ఉందే" అంది అక్క. నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా అక్క వీపు పట్టుకుని కూర్చున్నాను. జాకెట్టు కింద ఎముకలు చేతికి తగులుతున్నాయి. రెండు ఆదివారాల్లో మనిషి ఇంతగా తగ్గిపోతుందా? అంతకుముందు ఆదివారాల్లో నేను చూసిందేమిటి?

"మందులేవక్కా?"

"అయిపోయి... నెలైంది. ఇక్కడే సాయంత్రం డాక్టరమ్మ ఉండేది. పని నుంచి వస్తూ వెళ్ళేదాన్ని. ఎత్తేశారుగా." ఊపిరి తీసుకుంది. "ఇక్కడ జనం లేరని... ఎవరో లెక్క తేల్చారట. జనం లేకపోవడమేంటే? ఆ బాత్రూమ్ దగ్గర లైను చూశావా?"

ఇంకా నాకు పూర్తిగా అర్థం కాలేదని చెబితే మీరు నమ్మాలి. ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. ఎవరిదో పొరపాటు.

"మరి పెద్దాస్పత్రికి వెళ్ళలేదా?"

"వెళ్ళా. రెండు బస్సులు మారి. కంప్యూటర్‌లో లేనన్నారు."

"నువ్వు లేకపోవడమేంటి?"

"ఏమోనే. లేనంటే... వచ్చేశా. ఎదురుగా నిలబడి ఉన్నాను తల్లీ అంటే, అదంతా మాకు తెలీదంది ఆవిడ."

నా కోపం మీకు తెలియదు. అప్పటిదాకా కాళ్ళూ చేతులూ ఆడనిదాన్ని, ఆ మాటతో లేచాను. కుళాయి దగ్గరావిడ సాయం పట్టింది. టాక్సీ పిలిచి అక్కను ఎక్కించాను. దారి పొడుగునా, "మా అక్కనే లేదంటారా, వాళ్ళ సంగతి చూస్తా, ఆ లిస్టు రాసినవాళ్ళ సంగతీ చూస్తా" అంటూనే ఉన్నాను. అక్క కిటికీకి తల ఆనించి, "అరవకే, వాళ్ళేం చేస్తారు" అంది. ఇన్నేళ్ళుగా అక్క నాతో అంటున్న మాటే అది.

పెద్దాస్పత్రిలో కౌంటర్ వెనక కళ్ళజోడావిడ కూర్చుని ఉంది. అక్కను చక్రాల కుర్చీలో గోడ వారగా కూర్చోబెట్టి, నేను మనుషుల్ని తోసుకుంటూ ముందుకు పోయి ఇంటి నంబరు చెప్పాను. ఆవిడ కొట్టి చూసింది.

"ఈ నంబరు మీద ఒకటే కుటుంబం ఉందండీ. ఇంటి యజమానిది. మీ అక్కగారు ఇందులో లేరు."

"మనిషి కళ్ళ ముందు ఊపిరాడక చస్తుంటే లేదంటారేంటండీ? ఆ ఇంట్లో కిందే ఏడు పొయ్యిలున్నాయి, నేను లెక్కపెట్టి వచ్చాను! బుర్ర ఉన్నవాడెవడైనా చేసే లిస్టేనా ఇది? ఎవరండీ చేసింది? చెప్పండి, వాళ్ళను ఉద్యోగంలో ఎలా ఉంచారో నేను కనుక్కుంటా!"

లైనంతా నా వైపు చూస్తోంది. కళ్ళజోడావిడకు పాపం ఓపిక ఎక్కువ.

"నా మీద అరిస్తే ఏం లాభమమ్మా? ఆ క్లినిక్ ఇందులో కలిపినప్పుడు మాకు పైనుంచి పంపిన ఫైలిది. కావాలంటే మీరే చూడండి" అని తెరను నా వైపు తిప్పింది.

చూశాను. పైన ఫైలు పేరు ఉంది. 'శుభ్రం చివరిది నిజంగా చివరిది.'

పెద్దాయన మూడుసార్లు మార్పులు చెప్పారు. మొదటిసారి 'శుభ్రం' అని పెట్టాను. రెండోసారి 'శుభ్రం చివరిది' అన్నాను. మూడోసారి విసుగుతో, నాలో నేను నవ్వుకుంటూ, ఆ పేరు పెట్టాను. ప్రపంచంలో ఆ పేరు పెట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

కౌంటర్ అంచు పట్టుకున్నాను. చెవుల్లో నా గొంతే మోగుతోంది, 'బుర్ర ఉన్నవాడెవడైనా' అని. పదకొండు వందల నలభై మూడు. టీకొట్టు జబ్బనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. ఆ ముసలాయన ఎక్కి దిగిన గడపలన్నిటినీ ఒక్క మీటతో ఊడ్చేశాను, అందులో మెట్ల కింది గడప మా అక్కది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంటోంది కళ్ళజోడావిడ.

అటుగా పోతున్న డాక్టరొకాయన అక్క పెదవుల రంగు చూసి ఆగకపోతే ఆ రోజు ఏమయ్యేదో ఊహించడానికి నాకిప్పటికీ ధైర్యం లేదు. లిస్టూ లేదు, గిస్టూ లేదు అని కుర్చీని తనే తోసుకుంటూ ఎమర్జెన్సీలోకి తీసుకుపోయాడు. గంట తర్వాత బయటికి వచ్చి చెప్పాడు. "ఉబ్బసం ఒక్కటే కాదు. చెమ్మలో ఉండి ఛాతీలో ఇన్‌ఫెక్షన్ ముదిరిపోయింది. ప్రాణానికి భయం లేదు. కానీ ఎడమ ఊపిరితిత్తి కింది భాగం ఇక పనిచెయ్యదు. నెల ముందు తెచ్చి ఉంటే మందులతో పోయేదమ్మా. ఏం చేస్తున్నారింతవరకు?"

ఏం చేస్తున్నానని చెప్పను? చప్పట్లు కొట్టించుకుంటున్నాను.

బావ వచ్చాక అక్కను ఆయనకు అప్పగించి ఆఫీసుకు వెళ్ళాను. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. కూర్చుని, ఊడ్చకముందు ఫైలు తెరిచాను. అది ఎప్పుడూ ఒక మూల భద్రంగానే ఉంటుంది, ఎవరూ తెరవరంతే. పసుపు గేటు ఇంటి నంబరు కొట్టాను. పన్నెండు వరసలొచ్చాయి. ఒక్కోదాని చివర రిమార్కుల గడి. 'వరండాలో ఎడమ గది, పొయ్యి వేరు.' 'కారు షెడ్డులో మొదటి గది, పొయ్యి వేరు.' 'తొట్టి పక్క గది, పొయ్యి వేరు, ఆరుగురు.'

ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం అని మా శిక్షణ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గది ఏదో రాయడానికి ఆ ముసలాయనకు నేను చోటివ్వలేదు. అంకెలే పడాలన్నాను. అందుకని పాపం చివరి గడిలో రాసుకుంటూ పోయాడు.

తొమ్మిదో వరస దగ్గర ఆగాను. చేంతాడంత ఉంది.

'మెట్ల కింద గది. పొయ్యి వేరు. భార్య, భర్త. గోడలు నడుము దాకా చెమ్మ. ఆమెకు ఆయాసం. సాయంత్రం క్లినిక్‌లో మందు తీసుకుంటున్నది, అది తప్ప ఆమెకు వేరే దారి లేదు. చెల్లెలు మన ఆఫీసులోనే లెక్కలు చూసే అమ్మాయి. ఇక్కడ ఇలా ఉంటున్నట్టు చెల్లెలికి చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకున్నది, కనుక నోటితో చెప్పను. అమ్మాయ్, ఈ గడి చదివేది నువ్వే కదా. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు.'

ఆ ఫైలు నా బల్ల మీద రెండు నెలల నుంచి ఉంది. నన్ను పేరు పెట్టి పిలిచినట్టు పిలిచాడు, నేను తల తేలికవుతుందని తీసి పారేశాను.

ఎంతసేపు అలా ఉన్నానో, వెనక నుంచి చేంతాడు బాబాయ్ గొంతు వినబడింది. ఆయన ఎప్పుడూ చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తాడు, అడుగుల చప్పుడు వినబడదు.

"ఇప్పుడు చదువుతున్నావా అమ్మాయ్?"

తల ఎత్తలేకపోయాను. "ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్. ఎదురుపడ్డప్పుడు ఒక్క మాట."

"చెప్పనని మాటిచ్చా. రాయనని ఇవ్వలేదు. రాస్తే చాలనుకున్నా." తెర మీదికి వంగి తన రాతే చూసుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా రాస్తున్నా. చదువుతారనే అనుకున్నా."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆయన వెళ్ళిపోయాక మొదటి వరస నుంచి మొదలుపెట్టి, నేను తీసేసిన పదకొండు వందల నలభై మూడు రిమార్కులూ చదివాను. కుక్కలున్నాయి, తెగిన చెప్పులున్నాయి. వాటి మధ్యన మేడ మీద రేకుల గదిలో కాన్పు దగ్గరపడ్డ పిల్ల ఉంది. గోడౌన్ వెనక గదిలో డయాలసిస్ మనిషి ఉన్నాడు. గడియారం చూసుకుంటే నాలుగు గంటలు పట్టింది. చదవడానికి తీరిక లేదని నేననుకున్న పని నాలుగు గంటల పని.

అన్నీ అచ్చు తీసి పెద్దాయన గదిలోకి వెళ్ళి బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నివేదిక వెళ్ళిపోయింది కదమ్మా. ఇప్పుడు మార్చమంటే మన మాట ఎవరు నమ్ముతారు? వచ్చే సర్వేలో సరిచేద్దాం. ఎంత, మూడేళ్ళే కదా."

"మూడేళ్ళు ఊపిరి బిగబట్టుకోమని ఎవరితో చెప్పమంటారు సార్? మా అక్కతో చెప్పనా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆ కాగితాల్లో అక్క ఉన్న సంగతి అప్పటిదాకా నేను చెప్పలేదు. తొమ్మిదో వరస తీసి ఆయన ముందుంచాను. చదివారు. రెండోసారి కూడా చదివారు. తర్వాత లెటర్‌హెడ్ కాగితం ఒకటి తీసి నా వైపు జరిపారు. శాఖవారికి ఉత్తరం నేనే రాశాను. తప్పు ఎలా జరిగిందో, ఎవరి చేత జరిగిందో దాచకుండా రాశాను. కింద నేను సంతకం చేశాను, నా పేరు పక్కన ఆయనా చేశారు. క్లినిక్ మళ్ళీ తెరుస్తారా అంటే నాకు తెలియదు. మళ్ళీ లెక్క చూస్తామని మాత్రం కొన్నాళ్ళకు జవాబొచ్చింది.

ఉత్తరం రాసిన మర్నాడు మధ్యాహ్నం అక్క మంచం పక్కన కూర్చున్నాను. ముక్కు దగ్గర గొట్టం ఉంది. పెదవులకు రంగు కాస్త తిరిగింది. తలగడకు ఆనుకుని సగం పడుకోగలుగుతోంది. బావ టీకి వెళ్ళాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అక్కా, నువ్వు లేవని రాసింది నేనే" అన్నాను.

అంతా చెప్పాను. సూత్రం గురించి, మీట గురించి, గడి గురించి. తిడుతుందని చూశాను. కొట్టినా బాగుండేది. అక్క చాలాసేపు నా ముఖం వైపే చూసింది, ఏదో లెక్క కుదరనట్టు.

"అయితే... అది నువ్వు చదవలేదా?" అంది.

"ఏది?"

"మీ సర్వే ముసలాయన రాసింది. నా ఎదురుగానే రాశాడే. నాకు చదివి వినిపించాడు కూడా. వద్దని అనలేదు నేను. నోటితో చెప్పలేకపోయా, పోనీ ఇలాగైనా తెలుస్తుందిలే అనుకున్నా."

నేను కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

"తర్వాత మీ ఇంటికి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, అడుగుతావేమోనని. ఆ రోజు నేనే అడిగా కదా, అన్నీ చూశావా అని. ఒక్కటి కూడా వదల్లేదన్నావు." ఊపిరి కోసం ఆగింది. "చదివే ఉంటుంది, నా బతుకు ఇలా ఉందని తెలిసి సిగ్గుపడుతోంది కాబోలు, అందుకే ఏమీ తెలియనట్టు ఉంటోంది అనుకున్నానే. అందుకే ఇక రావడం మానేశా."